ఆమె వద్దన్న ఆరెకరాలు

(పద్నాలుగో భాగం)

భార్య ఎక్కువ అడిగిందనో, భర్త తక్కువ ఇస్తానన్నాడనో ఆగిపోయిన విడాకుల కేసులు కొత్తగూడెం వకీలు వెంకటరామారావు తన పాతికేళ్ల ప్రాక్టీసులో చాలా చూశాడు. భార్య ఏమీ వద్దంటుంటే భర్త ఇచ్చి తీరతానని పట్టుబట్టడంతో ఆగిన కేసు మాత్రం సుబ్బరత్నం, వెంకటప్పయ్యలదే మొదటిది. ఇద్దరూ ఇష్టపడే జూన్‌లో అర్జీ పెట్టుకున్నారు. ఆరు నెలల గడువు తీరింది. వచ్చే సోమవారం ఇద్దరూ జడ్జిగారి ముందు నిలబడి మరొక్కసారి ఒప్పుకుంటే పందొమ్మిదేళ్ల పెళ్లి ముగిసిపోతుంది. ఈలోగా వెంకటప్పయ్య కబురు పెట్టాడు. తానిచ్చేది ఆమె తీసుకుంటేనే కోర్టుకు వస్తాడట. అడవి పక్కన రేగళ్లగుంపు అనే కోయగూడెం దగ్గర ఆరెకరాలు ఆమెకు వదిలేస్తాడట. చూడకుండా దేనిమీదా సంతకం పెట్టనని సుబ్బరత్నం అంది. ఆ సోమవారానికి ఎనిమిది రోజుల ముందు ఆదివారం పొద్దున మెస్‌లో టిఫిన్ల పని కాగానే చెయ్యి కడుక్కుని, పాల్వంచ మీదుగా పోయే బస్సెక్కింది.

బస్సులో సీటు దొరికినా ఆమె సరిగ్గా కూర్చోలేకపోయింది. సంచీ ఒడిలోంచి పక్కకు, పక్కనుంచి ఒడిలోకి మారుస్తూనే ఉంది. గని కార్మికుల్లో పెళ్లికాని వాళ్లకు, కుటుంబాల్ని ఊళ్లో వదిలి వచ్చిన వాళ్లకు మూడేళ్లుగా ఆమె వండి పెడుతోంది. మొదట పదిమంది వచ్చేవాళ్లు, ఇప్పుడు అరవై మంది. కిరాయికున్న రేకుల షెడ్డు చాలడం లేదు. పక్క స్థలం కొనుక్కోవడానికి బ్యాంకులో అప్పు అడిగితే భర్త సంతకం కావాలన్నారు. భర్తతో ఉండటం లేదంటే, అయితే ఆ సంగతి తెలిపే కాగితం ఏదైనా తెమ్మన్నారు. ఆమెకు కావలసింది ఆ ఒక్క కాగితమే. అంతకు మించి వెంకటప్పయ్య నుంచి దారపుపోగు కూడా తీసుకోకూడదని ఆమె పట్టుదల.

ఆ పట్టుదల ఆమెకు పుట్టింట్లో పట్టుకుంది. సుబ్బరత్నం తండ్రి అడిగినవాడికి లేదనేవాడు కాదు. ఇచ్చిన తర్వాత మాత్రం ఊరుకునేవాడు కాదు. మేనమామ చదువుకు ఒకసారి నూరు రూపాయలు ఇచ్చాడు. ఆ మేనమామ తలనెరిసేదాకా, ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నప్పుడల్లా ఆ నూరు రూపాయల మాట రాకుండా పెరుగన్నం రాలేదు. ఆయన తలొంచుకుని తినడం చూస్తూ పెరిగింది సుబ్బరత్నం. అందుకే కాపురానికొచ్చాక మొగుణ్ని కూడా ఏదీ అడగలేదు. ఆమె అడగలేదు గనక ఆమెకేమీ అక్కర్లేదని వెంకటప్పయ్య అనుకున్నాడు.

అతని భయం వేరు. వాళ్ల నాన్న కృష్ణా జిల్లాలో ఉన్న రెండెకరాలూ అమ్ముకుని, ఇక్కడ పదెకరాలు కొనాలని వచ్చి, ఏ ఊళ్లో కొనాలో తేల్చుకోలేక ఆ డబ్బు పెట్టెలో పెట్టుకుని ఏడాది కూర్చున్నాడు. చుట్టాలు తలా కాస్త అడిగి పట్టుకుపోయారు. చివరికి కల్లూరులో ఎకరం కొనేసరికి పెట్టె ఖాళీ అయింది. మిగతాదంతా తర్వాత తండ్రీ కొడుకులు రెక్కలు ముక్కలు చేసుకుని కొన్నదే. చేతిలో ఉన్న డబ్బు డబ్బే కాదని, మట్టి అయినదే డబ్బని వెంకటప్పయ్యకు అప్పుడే స్థిరపడింది. పత్తి డబ్బులు పొద్దున వస్తే సాయంత్రానికి ఎక్కడో అడ్వాన్సు ఇచ్చేసేవాడు.

మూడేళ్ల కిందట ఖమ్మంలో ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. ఆ వారమే అతను రెండెకరాలకు అడ్వాన్సు కట్టాడు. దవాఖానా ఖర్చుకు ఆమె మెడలో గొలుసు కుదువ పెట్టాల్సి వచ్చింది. మూడోనాడు అతను నవ్వు మొహంతో వచ్చి మంచం పక్కన కూర్చుని, ఆ రెండెకరాలు ఎంత చవగ్గా వచ్చాయో చెప్పాడు. ఆమె కుట్లు విప్పాక కల్లూరు బస్సెక్కలేదు. కొత్తగూడెం బస్సెక్కింది.

రేగళ్లగుంపు రోడ్డు దగ్గర వెంకటప్పయ్య మోటారుసైకిల్ మీద ఎదురుచూస్తున్నాడు. బస్సు దిగిన ఆమెను చూసి బండి స్టార్టు చేశాడు. వెనక సీటు తువ్వాలుతో తుడిచాడు. ఆమె ఆ సీటు వంక చూసి, దారి ఎటు అని అడిగి, నడవడం మొదలుపెట్టింది. రెండు కిలోమీటర్లు. అతను కాసేపు బండి మెల్లగా నడుపుతూ పక్కన వచ్చాడు. అది మాటిమాటికీ ఆగిపోతుంటే దిగి, తోసుకుంటూ నడిచాడు. నలభై ఆరేళ్ల మనిషి, రొప్పుతున్నాడు, చొక్కా వీపంతా తడిసిపోయింది. జాలిపడటం ఇష్టం లేక ఆమె నడక పెంచింది.

చేను చూడగానే అతని మొహం మారింది. నల్లరేగడి. మూడువైపులా టేకు చెట్లు, నాలుగోవైపు వాగు. పత్తి విరగ్గాసి ఉంది. వంగి పది పన్నెండు మంది ఆడవాళ్లు ఏరుతున్నారు. వెంకటప్పయ్య చెప్పులు గట్టుమీద వదిలి చేలోకి దిగాడు. గుప్పెడు మట్టి తీసి, వేళ్లతో చిదిపి, తడి ఎంత లోతుదాకా ఉందో ఆమెకు చూపించాడు. వాగుకు మోటారు ఎప్పుడు వేసిందీ, ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు వచ్చిందీ చెప్పాడు. అంత మెత్తని గొంతుతో అతను మాట్లాడటం ఆమె దాదాపు మరిచిపోయింది. తనతో ఎన్నడైనా అలా మాట్లాడాడా అని ఆలోచించి, ఆలోచించినందుకు తనమీద తనకే విసుగు పుట్టింది.

మోటారు చూసొస్తానని అతను వాగు వైపు వెళ్లాడు. అప్పుడు ఏరేవాళ్లలోంచి ఒకావిడ లేచి, ఒడిలోని పత్తి గోతంలోకి దులిపి, తిన్నగా ఆమె దగ్గరకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఎండిపోయిన చేతులు, నిటారుగా నడక.

"నువ్వేనా అమ్మా, అయ్య ఇంటామెవు?"

సుబ్బరత్నం అవునని, కాదని, ఏదీ అనలేక తలూపింది.

"నేను జంపక్కను. సీతయ్య పెండ్లాన్ని. ఇగ మీదట చేను నీదంటగదా. ఏమన్న ఉంటే నీతోటే మాట్లాడుకోవాల్నని అయ్య చెప్పిండు."

"ఏం మాట్లాడుకోవాలి?"

"కేసు సంగతి," అంది జంపక్క, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

ఆమె చెప్పిందంతా సుబ్బరత్నం గట్టుమీద నిలబడే విన్నది. పన్నెండేళ్ల కింద వానలు లేని ఏడు సీతయ్యకు జబ్బు చేస్తే, వెంకటప్పయ్య మూడు వేల రూపాయలు, రెండు బస్తాల జొన్నలు ఇచ్చాడు. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. చేను ఐదేళ్లకు కౌలుకిచ్చామని వీళ్లనుకున్నారు. ఐదేళ్లు దాటాక అడిగితే, అమ్మినట్టు రాసి ఉందన్నాడు. కోయవాళ్ల భూమి బయటివాళ్లు కొంటే చెల్లదని చట్టం ఉన్న సంగతి అప్పుడు వీళ్లకు తెలియదు. పట్టా ఇప్పటికీ సీతయ్య పేరునే ఉంది. సీతయ్య చనిపోయి రెండేళ్లయింది. గుంపు పెద్ద బొజ్జయ్య ఆమెను వెంటబెట్టుకుపోయి భద్రాచలంలో, అలాంటి కేసులు వినే డిప్యూటీ కలెక్టరు దగ్గర అర్జీ పెట్టించాడు. మూడుసార్లు వాయిదా పడింది. అవతలి వాళ్లు ఒక్కసారీ రాలేదు.

"పట్టా ఉన్న చేన్ల రోజుకు ఎనిమిది రూపాలకు పత్తి ఏరుతున్న," అంది జంపక్క. "చేను ఇడిసిపెట్టమని నిన్ను అడుగుతలేను. అది ఆఫీసరు చెప్పాలె. శుక్రారం నాడు వాయిదా ఉంది. నువ్వు వస్తవా, రావా, అది చెప్పు. రాకుంటే మల్ల తిప్పుతరు. పోయినప్పుడల్లా కూలి పోతది, బస్సు కిరాయి పోతది."

సుబ్బరత్నం జవాబు చెప్పేలోపే వెంకటప్పయ్య తిరిగి రావడం కనిపించింది. జంపక్క తొందరేమీ పడకుండా వెనక్కి వెళ్లి, వదిలిన చోటే వంగింది.

ఇద్దరూ మోటారు కొట్టం నీడలోకి వచ్చారు. అతను తాగమని చెంబుతో నీళ్లిచ్చాడు. ఆమె తాగలేదు.

"కేసు ఉందని చెప్పలేదు మీరు."

"కేసు లేని చేను ఈ చుట్టుపక్కల ఎక్కడుంది రత్నం? ఇవి తరాల తరబడి నడుస్తాయి. మనం తింటూనే ఉంటాం, వాళ్లు తిరుగుతూనే ఉంటారు."

"పట్టా ఆవిడ మొగుడి పేరున ఉందట. మీది కానిదాన్ని నాకెలా ఇస్తారు?"

"పేరు కాగితాల్లో ఉంటుంది. పంట ఇంటికొస్తుంది. పన్నెండేళ్లూ ఎవరింటికొచ్చింది?"

అతని గొంతులో మోసం లేదు. అదే ఆమెను ఎక్కువ కలవరపెట్టింది. తనకు ఇవ్వగలిగిన వాటిల్లోకెల్లా మంచిది ఇస్తున్నాననే అతను నమ్ముతున్నాడు. ఉన్నట్టుండి ఆమె నోట్లోంచి ఒక మాట వచ్చింది. పందొమ్మిదేళ్లలో ఎప్పుడూ రాని మాట.

"కల్లూరులో ఎనిమిదెకరాలున్నాయి కదా. అందులో ఎందుకివ్వరు?"

వెంకటప్పయ్య ఆమె వంక వింతగా చూశాడు. "అడుగుతున్నావా?"

"అడగడం లేదు. తెలుసుకుంటున్నాను."

"అది నాన్నా నేనూ సంపాదించింది. దాంట్లో నీది లేదు. ఇది నీది." అతను చెంబు కింద పెట్టాడు. వాగు వైపు చూస్తూ, పెద్ద విషయమేమీ కాదన్నట్టే చెప్పాడు. "ఇది నీ గాజులతో కొన్నాను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఏ గాజులు అని అడగబోయి ఆగిపోయింది. ఆమెకు ఉన్నవి రెండే జతల బంగారు గాజులు, నాలుగు, అమ్మ చేయించినవి, ఆరు తులాలు. పన్నెండేళ్ల కింద కల్లూరు ఇంట్లో బట్టల పెట్టె అడుగునుంచి పోయాయి. ఇంట్లో పనిచేసే బుల్లెమ్మ తప్ప ఆ గదిలోకి ఎవరూ రారు. బుల్లెమ్మ ఒట్టు పెట్టుకుంది, ఏడ్చింది. సుబ్బరత్నం స్వయంగా వెళ్లి, ఆమె గుడిసెలో మూటలు విప్పి వెతికింది. చంటిపిల్ల కింద పరిచిన గుడ్డ కూడా లాగి చూసింది. ఏమీ దొరకలేదు. అయినా మర్నాటి నుంచి పనిలోకి రావద్దంది. ఆ పక్షంలోనే బుల్లెమ్మ కుటుంబం ఊరొదిలి పోయింది.

"మీరు తీశారా?"

"తియ్యడమేమిటి, మన ఇంట్లోవే కదా. ఏడాదికి ఒక్కసారైనా వేసుకునేదానివి కాదు. పెట్టెలో పడి ఉన్న బంగారం ఏం చేస్తుంది? ఇప్పుడు చూడు." అతను చేను వైపు చెయ్యి చూపాడు.

"నేను వెతుకుతుంటే ఇంట్లోనే ఉన్నారు మీరు. బుల్లెమ్మ మీ కాళ్లమీద కూడా పడింది."

బుల్లెమ్మకు తర్వాత వేరే ఊళ్లో పని దొరికే ఉంటుందని వెంకటప్పయ్య మెల్లగా అన్నాడు.

"నన్ను అడిగితే ఇచ్చేదాన్ని కాదా?"

"ఇచ్చేదానివి. అందుకే అడగలేదు." అతను తల దించుకున్నాడు. "ఇచ్చాక నేను నీకు బాకీ. పొద్దున లేచి నీ మొహం చూస్తే బాకీయే కనిపిస్తుంది. ఆ బతుకు నావల్ల కాదు రత్నం. ఇప్పుడూ అంతే. నువ్వేమీ తీసుకోకుండా పోతే, చచ్చేదాకా నీకు బాకీ పడ్డట్టే ఉంటుంది నాకు."

సుబ్బరత్నం మట్టిగోడకు చెయ్యి ఆనించుకుంది. ఇన్నేళ్లూ అతనికీ తనకూ పోలికే లేదనుకుంది. తను భయపడిన దానికే అతనూ భయపడ్డాడు. ఆ భయంతో తను అడగడం మానేసింది, అతను చెప్పకుండా తీసుకున్నాడు. మధ్యలో బుల్లెమ్మ ఊరు విడిచిపోయింది, జంపక్క తన చేలో తనే కూలికి వస్తోంది. ఏమీ తీసుకోను, ఏ అంటూ లేకుండా వెళ్లిపోతాను అని తను వకీలు ముందు ఎంత గర్వంగా చెప్పింది.

"అయితే తీసుకుంటాను," అంది.

అతని మొహం తేటపడింది.

"చేను కాదు. ఆరు తులాల బంగారానికి ఇప్పుడెంత ధర ఉందో అంత డబ్బు ఇవ్వండి. నాది నేను తీసుకుంటాను. మీకూ బాకీ తీరిపోతుంది."

"డబ్బుగానా?" వెంకటప్పయ్య నిజంగానే కంగారుపడ్డాడు. "డబ్బు నీ దగ్గర ఏడాది కూడా ఉండదు. అన్నదమ్ములు అడుగుతారు, బియ్యం కొట్టువాడు అడుగుతాడు. చివరికి వెంకటప్పయ్య పెళ్లాన్ని ఉత్తచేతులతో పంపాడంటారు. డబ్బు నేనివ్వను. చేను తీసుకో. తీసుకుంటున్నానని వకీలు దగ్గర సంతకం పెట్టు. పై సోమవారం పొద్దున పదింటికల్లా కోర్టు దగ్గర ఉంటాను. లేదంటే రాను."

ఆమె వచ్చిన దారినే రోడ్డుకు నడిచింది. ఈసారి అతను వెంట రాలేదు.

మర్నాడు, సోమవారం పొద్దున వకీలు వెంకటరామారావు ఆమె చెప్పిందంతా కళ్లజోడు తీసి విన్నాడు. గాజుల మాట దగ్గర మాత్రం నాలిక చప్పరించాడు. తర్వాత లెక్క తేల్చి చెప్పాడు. భద్రాచలంలో వాయిదా శుక్రవారం. ఇక్కడ కోర్టు ఆ తర్వాతి సోమవారం. శుక్రవారం ఆమె పోయి, చేను జంపక్కదేనని ఒప్పుకుంటే ఆ సంగతి వెంకటప్పయ్యకు సాయంత్రానికల్లా తెలుస్తుంది. సోమవారం అతను రాడు. ఒకరు రాకపోతే విడాకులు లేవు, ఆ కాగితం లేకపోతే బ్యాంకు అప్పు లేదు.

"ఒక్క వారం ఓపిక పట్టమ్మా," అన్నాడాయన. "తీసుకుంటున్ననని సంతకం పెట్టు. సోమవారం పని కానియ్యి. అటెంక ఆ చేను ఎవరికిస్తవో ఇచ్చుకో, నిన్ను ఎవరడ్డం పడతరు? ఆమె పన్నెండేండ్లు ఆగింది, ఇంకో వాయిదా ఆగలేదా?"

ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ కనిపించలేదు. సుబ్బరత్నం కాగితం మీద సంతకం పెట్టకుండా, పెట్టనని చెప్పకుండా, శనివారం వస్తానని లేచింది.

ఆ వారం మెస్‌లో ఏ పనీ కుదురుగా సాగలేదు. ఆమె రెండుసార్లు పప్పులో ఉప్పు మరిచిపోయింది. మూడోసారి రెండుమార్లు వేసింది. ఆమెతోపాటు వంటచేసే గోరి, ఏజెన్సీ తండా నుంచి వచ్చిన మనిషి, ఏమైందక్కా అని అడుగుతూ గరిటె తన చేతిలోకి తీసుకుంది. ఖాళీ దొరికినప్పుడల్లా సుబ్బరత్నం పక్క స్థలం దాకా వెళ్లి, అడుగులతో కొలిచి వచ్చేది. అక్కడ పొయ్యిలు, ఇక్కడ బల్లలు అనుకునేది. అనుకుంటుండగానే చంటిపిల్ల కింద నుంచి తను లాగిన గుడ్డ గుర్తుకొచ్చేది. బుల్లెమ్మ ఎక్కడుందో తెలియదు. తెలిసినా ఏమని వెళ్లాలి? ఆ దారి మూసుకుపోయింది. జంపక్క ఎక్కడుందో మాత్రం తెలుసు. శుక్రవారం పొద్దున కూలి మానుకుని, బస్సు కిరాయి పెట్టుకుని ఎక్కడికి పోతుందో కూడా తెలుసు.

ఇంకో వాయిదా ఆగలేదా అన్న వకీలు మాటకు జవాబు ఆమెకు గురువారం మధ్యాహ్నం బియ్యం ఏరుతుంటే తట్టింది. ఆగగలదు. వాళ్లు ఆగుతారనే ధైర్యంతోనే వెంకటప్పయ్య పన్నెండేళ్లు పంట తిన్నాడు. ఇప్పుడు తనూ అదే ధైర్యంతో ఒక వారం తినబోతోంది.

మర్నాడు పొద్దున మెస్ గోరికి అప్పజెప్పి భద్రాచలం బస్సెక్కింది. సారపాక దాటి వంతెన మీదికి బస్సు వచ్చేసరికి ఆమె దిగిపోదామని ఒకసారి లేచి నిలబడింది. వంతెన మధ్యలో ఆపరమ్మా, కూర్చో అన్నాడు కండక్టరు.

ఆఫీసు వరండాలో జంపక్క గోడవారన కూర్చుని ఉంది. పక్కన తెల్లపంచె కట్టుకున్న ముసలాయన, బొజ్జయ్య. సుబ్బరత్నాన్ని చూసి జంపక్క లేవలేదు, నవ్వలేదు. కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

వాళ్ల వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. లోపల బల్ల వెనక ఆఫీసరు, ఆయన పక్కన ఫైళ్లు అందిస్తూ గుమాస్తా. అర్జీదారు జంపక్క అని గుమాస్తా పిలిచాడు. జంపక్క ముందుకు వచ్చింది. ఆ చేను ఇప్పుడు తనకిస్తామంటున్నారనీ, తనకు అక్కర్లేదనీ, ఆవిడదేననీ చెప్పడానికి సుబ్బరత్నం మాటలు కూడదీసుకుంటోంది. వెంకటప్పయ్య పేరు పిలుస్తారని చూస్తోంది.

"ప్రతివాది సుబ్బరత్నం, వెంకటప్పయ్య భార్య, కల్లూరు," అని చదివాడు గుమాస్తా.

ఆమె కదల్లేదు. తప్పు విన్నాననుకుంది. బొజ్జయ్య వెనక నుంచి మెల్లగా అన్నాడు. "నిన్నేనమ్మా. మొదటి నుంచి నీ పేరే ఉంది గదా."

ఆఫీసరు తలెత్తి ఆమెను పరకాయించి చూశాడు. ఇన్నాళ్లకు వచ్చారా అన్నాడు. మూడుసార్లు నోటీసు పంపామని, మూడుసార్లూ అందినట్టు సంతకం చేశారని, ఒక్క వాయిదాకూ రాలేదని చెప్పాడు. పైగా పోయిన నెల ఒక దరఖాస్తు పంపారని, అందులో ఈ భూమి నా సొంత బంగారం అమ్మి, నా పేరున కొన్నది, వదిలిపెట్టేది లేదు అని రాశారని, ఆ కాగితం బయటికి తీశాడు. దానికి కుట్టి ఉన్న పాత తెల్లకాగితం కూడా చూపించాడు. అడుగున సీతయ్య వేలిముద్ర. కొన్నవారు అని రాసిన చోట ఆమె పేరు. పక్కన ఆమె సంతకం.

సుబ్బరత్నం బల్ల అంచు పట్టుకుని వంగి చూసింది. తన పేరే. తన చెయ్యి మాత్రం కాదు. చివరి అక్షరానికి కింద తోకలా లాగిన గీత, ఎరువుల కొట్టు చీటీల మీద, కౌలు కాగితాల మీద ఆమె వందలసార్లు చూసిన గీత.

ఇది నీది అని అతను అన్నప్పుడు అబద్ధం చెప్పలేదు. ఈ కేసులో జంపక్క పోట్లాడుతున్నది ఎవరితోనో కాదు, తనతోనే.

"ఇవి మీ సంతకాలేనా?" అని అడిగాడు ఆఫీసరు.

అవునంటే కోయవాళ్ల భూమి కాజేసి, పన్నెండేళ్లు తిన్నది తనే. కాదంటే దొంగ సంతకం కేసు. సోమవారం కోర్టూ లేదు, విడాకులూ లేవు. ఆ మనిషి జైలుకు కూడా పోవచ్చు. జంపక్క ఆమె వైపే చూస్తోంది.

"ఒక తెల్లకాగితం ఇప్పిస్తారా?" అంది సుబ్బరత్నం.

గుమాస్తా కాగితం, కలం అందించాడు. ఆమె నిలబడే, మెస్‌లో సరుకుల చీటీల మీద రోజూ పెట్టినట్టే తన సంతకం పెట్టింది. గుండ్రటి అక్షరాలు, తోక లేదు, గీత లేదు. కాగితం తిప్పి ఆయన ముందుకు జరిపింది.

ఆఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. వెనక గుమ్మం దగ్గర ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. జంపక్క అటు తిరిగి చూసి, కొంగు భుజాలచుట్టూ కప్పుకుని ఒక అడుగు పక్కకు వేసింది. వచ్చిందెవరో సుబ్బరత్నానికి చూడకుండానే తెలిసింది. రెండు కిలోమీటర్లు బండి తోసుకుంటూ వచ్చిననాడు విన్న రొప్పే అది.

"ఇది మీ సంతకం కానప్పుడు," అన్నాడు ఆఫీసరు, పాత కాగితం మీద వేలు ఉంచి, "ఎవరు పెట్టారో మీకు తెలుసా?"

సుబ్బరత్నం వెనక్కి తిరగలేదు.

"తెలుసు," అంది.